పెద్ద వయసులో చలికాలపు పెరడు: పర్లాకిమిడి ప్రాంతానికి తగిన పద్ధతి

దసరా వెళ్ళాక ఒక పొద్దున పెరటి తలుపు తీస్తే గాలి మారి ఉంటుంది. కొండల మీద మబ్బు విరిగి ఆకాశం తేటపడుతుంది. తులసి కోట చుట్టూ గచ్చు మీద నాచు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది. బీర పాదు ముసలిదై ఆకులు పండుబారి ఉంటాయి. చలికాలపు పెరటికి పని మొదలుపెట్టవలసిన రోజు అదే.

నాకు 71 ఏళ్ళు, మా వారికి 76. ఆయనకు ఒక మోకాలు మార్చారు, నాకు రక్తపోటు, నడుము నొప్పి. ఒకప్పుడు 10 సెంట్ల పెరడంతా కూరగాయలు పండించేవాళ్ళం. ఇప్పుడు సాగు చేసేది 2 సెంట్లకు లోపే, మిగతాది మామిడికి, కొబ్బరికి, ఉసిరికి వదిలేశాం. అయినా సంక్రాంతి దాకా ఇంట్లోకి కూర కొనవలసిన అవసరం పెద్దగా రాదు. మా వయసువాళ్ళు చాలామంది "ఇంక మావల్ల కాదు" అని పెరడంతా గచ్చు చేయిస్తున్నారు. అది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. సాగు విస్తీర్ణం తగ్గించి, నేలను మన చేతి ఎత్తుకు తెచ్చుకుని, పనిని రోజులకు పంచుకుంటే 75 దాటినా పెరడు సాగుతుంది. ఎలాగో వరసగా చెబుతాను.

ముందు తేదీలు చూసుకోండి

మన ఆంధ్రా, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో రుతుపవనాలు మామూలుగా అక్టోబరు రెండో వారానికి వెనక్కి వెళతాయి. కానీ తుపానులు వచ్చేదీ అప్పుడే. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ సరిగ్గా అదే తేదీన విశాఖపట్నాన్ని తాకింది. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటి మా గజపతి జిల్లాను కకావికలు చేసింది. ఆ రోజు మా పెరట్లో మునగ మొదలంటా విరిగింది, అప్పటికే నాటేసిన 60 వంగ, టమాటా మొక్కల్లో ఒక్కటీ మిగలలేదు. అప్పటినుంచి నేను పెట్టుకున్న నియమం ఇది: అక్టోబరు 20 దాటేదాకా నారు నేలలోకి దిగదు. అప్పటివరకు అది ట్రేలలో, వరండాలో, గాలి వస్తే లోపలికి తెచ్చుకోవడానికి వీలుగా ఉంటుంది.

మనకు తెలిసిన పండుగలతో చెప్పాలంటే: దసరాకు ముందు నారు పోయడం, దసరా నుంచి దీపావళి దాకా శుభ్రం చేయడం, మళ్ళు సరిచేయడం, నాగుల చవితి దాటాక నాట్లు. చవితి నాడు మాత్రం మా ఇంట్లో నేల తవ్వరు. పుట్టలో పాలు పోసే రోజు గునపం ముట్టకూడదని మా అమ్మ పెట్టిన ఆచారం, ఇప్పటికీ పాటిస్తున్నాం. దీపావళి నవంబరులో వచ్చిన ఏడాది చవితి దాకా ఆగనక్కరలేదు, నారు ముదిరిపోతుంది.

ఆకుకూరలు, ముల్లంగి మాత్రం ముందే వేయవచ్చు. కార్తీకంలో మనకు సోమవారాలుంటాయి, మన ఒడియా ఇరుగుపొరుగుకు కార్తీక పౌర్ణమితో ముగిసే 5 రోజులు పంచుక ఉంటుంది. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదంటారు, అందుకే దానికి బగపంచుక అని పేరు. ఊరంతా శాకాహారమైపోయి సంతలో కూరల ధర ఎక్కుతుంది. పాలకూర, మెంతికూర తొలి కోతకు 25 నుంచి 30 రోజులు, ముల్లంగికి 40 నుంచి 50 రోజులు పడుతుంది. పంచుక నాటికి చేతికి రావాలంటే ఎప్పుడు విత్తాలో వెనక్కి లెక్కపెట్టుకోండి.

మొదటి పని నడిచే దారి

మొక్కల జోలికి వెళ్ళకముందు దారి బాగుచేయండి. పెరట్లో మా ఈడువాళ్ళు పడేది చాలావరకు నాచు మీదనే. బ్లీచింగ్ పౌడరు చల్లి, నీళ్ళు చిలకరించి అరగంట ఉంచి, పొడుగు కర్ర ఉన్న గట్టి బ్రష్షుతో మరొకరిచేత రుద్దించండి. ఆ నీళ్ళు మళ్ళలోకి పోకుండా చూసుకోండి. తడి నాచు మీద మీరు నిలబడి రుద్దవద్దు. తర్వాత దారిలో అడ్డంగా ఉన్న పైపులు, ఇటుకలు, విరిగిన కుండీలు తీయించండి. 3 అడుగుల వెడల్పు ఉంటే చేతికర్ర పట్టుకుని నడిచేవారికి కూడా చాలు.

రెండు మెట్లున్నచోట పట్టుకోవడానికి ఇనుప గొట్టం పాతించుకోండి. మాకు ఒక పూటలో పని అయిపోయింది. మా వారు ఆపరేషన్ తర్వాత మళ్ళీ పెరట్లోకి దిగగలిగింది ఆ గొట్టం వల్లనే.

వాననీరు నిలిచిన చిప్పలు, డబ్బాలు, పాత టైర్లు ఈ విడతలోనే బోర్లించండి, డెంగీ దోమ పెరిగేది వాటిలోనే. రాలిన ఆకులు కాల్చవద్దు. చలిగాలికి పొగ నేలబారున నిలిచి దగ్గు తెప్పిస్తుంది. పెరటి మూల నాలుగు వెదురు కర్రలు పాతి, చుట్టూ వల కట్టి, మామిడాకులు, పనసాకులు అందులో వేస్తూ అప్పుడప్పుడు నీళ్ళు చల్లండి. వచ్చే ఏడాదికి మంచి ఆకు ఎరువు అవుతుంది.

గడ్డి, పొదలు కోసే పని కూలి మనిషికి అప్పగించండి. వానలు వెనకబట్టిన రోజుల్లో పాములు గడ్డిలో, ఇటుకల సందుల్లో ఉంటాయి. కోయడానికి ముందు కర్రతో నేల మీద చప్పుడు చేయించాలి. అదే గడ్డిలో ఉండే సన్నని నల్లి పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. మన జిల్లాల్లో వానాకాలంలో, ఆ తర్వాతి నెలల్లో ఈ జ్వరం కనబడుతుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, చంకల్లో, నడుము చుట్టూ, మడతల్లో కట్టడం వల్ల కంటపడదు. పెరటి పని చేసిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే వైద్యునికి "తోటలో పని చేశాను" అని మీరే చెప్పండి. సరైన మందు వేళకు పడితే తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రమాదం.

మడిని మన ఎత్తుకు తెచ్చుకోవడం

ఈ ఒక్క పని మీద డబ్బు పెట్టండి, మిగతావన్నీ తక్కువలో చేసుకోవచ్చు. వంగి చేసే గంట పని నడుమును మూడు రోజులు పడుకోబెడుతుంది. అదే మడి కూర్చున్న మనిషి మోచేతికి కొంచెం దిగువగా ఉంటే గంట పని గంటలోనే అయిపోతుంది.

మేము కట్టించిన మళ్ళు రెండు. ఒక్కొక్కటి 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. సిమెంటు ఇటుకలతో, అడుగున నేల తెరిచే ఉంచి, కింది వరసలో అక్కడక్కడ నీళ్ళు పోవడానికి సందులు వదిలి కట్టారు. రెండు పక్కలనుంచీ చేయి అందుతుంది కనక 3 అడుగుల వెడల్పు పెట్టాం. గోడకు ఆనించి కట్టేటట్టయితే 2 అడుగులకు మించవద్దు, అవతలి అంచు అందుకోవడానికి ఒరిగితే నడుముకు అదే దెబ్బ. పైన అంచు వెడల్పుగా, నున్నగా పూయించుకుంటే దానిమీదే కూర్చుని పని చేసుకోవచ్చు. కొలత మీ కుర్చీని బట్టి పెట్టుకోండి. మీరు రోజూ కూర్చునే కుర్చీ తెచ్చి, కూర్చుని, మోచేయి ఎక్కడికి వస్తుందో గోడ మీద బొగ్గుతో గీత గీయించండి. మేస్త్రీకి ఆ గీత చూపిస్తే చాలు.

లోపలంతా మట్టితో నింపితే ఖర్చు, బరువు రెండూ ఎక్కువే. అడుగు భాగం కొబ్బరి డొక్కలు, ఎండు కొమ్మలు, అరటి బోదెలు, ఎండాకులతో కూరండి. పై అడుగు లోతుకు మాత్రం మంచి మిశ్రమం: రెండు పాళ్ళు తోట మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరిపొట్టు. అడుగున వేసినవి కుళ్ళేకొద్దీ మొదటి ఏడాది మట్టి జానెడు దాకా దిగిపోతుంది. భయపడనక్కరలేదు, ప్రతి అక్టోబరులో పైన ఎరువు కలిపి నింపుకుంటూ వెళ్ళడమే.

కట్టించే వీలు లేనివారికి, అద్దె ఇళ్ళవారికి పాత ఇనుప డ్రమ్ము నిలువునా రెండుగా కోసి, కాళ్ళు అతికించిన తొట్టి బాగుంటుంది. కోసిన అంచుకు సైకిల్ ట్యూబు చీల్చి తొడగండి, లేకపోతే చేయి తెగుతుంది. రక్తం పలచబడే మందులు వేసుకునేవారు దీన్ని తేలికగా తీసుకోకండి.

కుండీల సంగతి: అడుగు వెడల్పున్న కుండీ తడి మట్టితో ఒకరు ఎత్తలేనంత బరువు ఉంటుంది. పెద్ద కుండీలను చక్రాల పలక మీద పెట్టించండి, లేదా ఉన్నచోటనే ఉండనివ్వండి. ఎండ కోసం కుండీని అటూ ఇటూ జరిపే అలవాటు మానుకోండి. ఇంటి దక్షిణం వైపు గోడకు బయట పెడితే చలికాలమంతా ఎండ దానంతట అదే వస్తుంది.

మట్టి

మన కొండ వాలు ఎర్ర నేలల్లో పులుపు గుణం ఎక్కువ. క్యాబేజీ, కాలీఫ్లవర్, బీట్‌రూట్, పాలకూర ఆ పులుపుకు ఎదగవు. నాట్లకు 2, 3 వారాల ముందు చదరపు మీటరుకు 100 గ్రాముల లెక్కన వ్యవసాయ సున్నం చల్లి మట్టిలో కలపండి. సున్నం, పశువుల ఎరువు ఒకే రోజు కలపకూడదు, ఎరువులోని నత్రజని గాలిలో కలిసిపోతుంది. గజపతి జిల్లావారికి ఆర్.ఉదయగిరిలో, రాయగడ జిల్లావారికి గుణుపురంలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. మట్టి పరీక్ష సంగతి అక్కడ అడిగి, మీ నేలకు ఎంత సున్నం కావాలో తెలుసుకుంటే ఇంకా మంచిది.

సున్నం తర్వాత 10 రోజులు ఆగి ఎరువు వేయండి. నేను 5 కిలోల చివికిన ఎరువులో 100 గ్రాముల ట్రైకోడెర్మా పొడి, అరకిలో వేపపిండి కలిపి, చెమ్మగా ఉంచి, గోనె కప్పి వారం రోజులు నీడలో పెడతాను. గోనె ఎత్తి చూస్తే ఎరువు మీద పచ్చని బూజు పట్టి ఉంటుంది. అది మంచి బూజు, నారుకుళ్ళును అడ్డుకుంటుంది.

ఇక మా వైపు టమాటాకు, వంగకు పెద్ద శత్రువు ఎండు తెగులు. నిన్నటిదాకా నవనవలాడిన మొక్క ఆకు పసుపెక్కకుండానే మధ్యాహ్నం వాడిపోతుంది, సాయంత్రం కొంచెం తేరుకున్నట్టు కనబడి, నాలుగో రోజుకు నిలువునా ఎండిపోతుంది. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. పరీక్ష చాలా సులువు. వాడిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోయండి. గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి, కోసిన కొస నీటిలో తగిలేలా కదలకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో ఆ కొస నుంచి పాలదారం లాంటి సన్నని తెల్లటి పోగు కిందికి జారుతుంది. జారిందంటే అది బ్యాక్టీరియా తెగులు, మందు లేదు. మొక్కను వేళ్ళతో సహా తీసి పెరటి బయట పారేయండి, ఎరువు గుంతలో వేయవద్దు. ఆ మడిలో రెండు మూడేళ్ళు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వేయకుండా ముల్లంగి, మెంతి, మొక్కజొన్న వంటివి వేసుకోండి. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఈ తెగులును తట్టుకునే రకాలు తయారుచేశారు: టమాటాలో ఉత్కళ్ కుమారి, వంగలో ఉత్కళ్ తారిణి. విత్తనం దొరికితే అవే వేసుకోండి.

నారు

సెప్టెంబరు ఆఖరు వారంలో వరండాలో బల్ల మీద నారు పోయండి. బల్ల మీద అని ఎందుకంటున్నానంటే, నారుమడి దగ్గర కూర్చుని లేవడమే సగం శ్రమ. పెరుగు కప్పుల అడుగున మూడు చిల్లులు పెట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సగం సగం కలిపి నింపి, కప్పుకు రెండు గింజలు వేసి, మొలిచాక బలమైనది ఒకటి ఉంచండి. క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు నాటుకు వస్తుంది. పైన పాత దోమతెర కప్పితే పురుగు గుడ్లు పెట్టదు.

కాలీఫ్లవర్ విత్తనం కొనేటప్పుడు తొలి రకమా, నడి రకమా, చివరి రకమా అని తప్పక అడగండి. ఒక ఏడాది నేను అడగలేదు. దుకాణంలో ఇచ్చింది తొలి రకం, నేను వేసింది నవంబరులో. మొక్క జానెడు ఎత్తులో ఉండగానే చొక్కా గుండీ అంత పువ్వు వేసి అక్కడే ఆగిపోయింది. ఆలస్యంగా నాటితే నడి రకమో, చివరి రకమో తీసుకోవాలి.

క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ నారు పోయకూడదు, మడిలోనే విత్తాలి. క్యారెట్ గింజ మొలవడానికి రెండు వారాల దాకా తీసుకుంటుంది, అన్నాళ్ళూ పై మట్టి ఆరకూడదు. విత్తిన వరస మీద తడి గోనె కప్పి, మొలక కనబడగానే తీసేయండి. పచ్చి పేడ వేసిన మడిలో క్యారెట్ చీలి రెండు కాళ్ళవుతుంది, అందుకని దానికి నిరుడు ఎరువు వేసిన మడి కేటాయించండి. కొత్తిమీర ధనియాలను చెక్క కింద నలిపి రెండు బద్దలు చేసి విత్తండి.

చూపు తగ్గినవారికి సన్న గింజ విత్తడం కష్టం. తోటకూర, క్యారెట్ గింజల్లో పది రెట్లు పొడి ఇసుక కలిపి చేత్తో జారవిడవండి, తెల్లటి ఇసుక పడినచోటు చూస్తే వరస తెలుస్తుంది. బఠాణీ వంటి లావు గింజలకు 3 అడుగుల పీవీసీ గొట్టం వాడండి. గొట్టం కొసతో మట్టిలో చిన్న గుంట చేసి, నిలబడే పైనుంచి గింజ జారవిడిచి, పాదంతో మట్టి తోయడమే. నేల మీద మళ్ళు ఇంకా ఉన్నవారికి ఇది ఎంత మేలో ఒకసారి చేస్తే తెలుస్తుంది.

ఎంత వేయాలి

ఇద్దరున్న ఇంటికి: టమాటా 6, వంగ 4, క్యాబేజీ 4, కాలీఫ్లవర్ 4, మిరప 3, చిక్కుడు ఒక్క పాదు. ఆకుకూరలు, ముల్లంగి 15 రోజులకొక వరస చొప్పున, ఒకేసారి అంతా కాదు. క్యాబేజీకి మొక్కకూ మొక్కకూ అడుగున్నర, టమాటాకు రెండడుగులు ఎడం ఇవ్వండి.

ఈ లెక్క చూసి మా పక్కింటి ఒడియా అమ్మాయి "నానీ, ఇంతేనా?" అంది. ఒడియాలో నానీ అంటే అక్క. ఇంతే. మిగిలిన పంట కోయాలి, మోయాలి, పంచాలి, అదంతా పనే. నాలుగు క్యాబేజీలు నాలుగు వారాలు వచ్చేలా వారానికొకటి నాటడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

చిక్కుడు జూన్, జూలైలో వేసిన పాదే ఇప్పుడు పూతకు వస్తుంది. పగలు పొట్టిదయితేనే మన నాటు చిక్కుడు పూస్తుంది, అందుకని వానాకాలంలో తీగ పెరుగుతూ పూత లేదని పీకేయవద్దు. పందిరి మాత్రం చేయి అందే ఎత్తులో, మీ తల కన్నా జానెడు పైకి వేయించుకోండి. నిచ్చెన ఎక్కి కోసే కాయ మనకు వద్దు.

ఒక మడి అంచున బంతి, ఇంకొక అంచున ఆవాలు వేయండి. టమాటా కాయ తొలిచే పురుగు బంతి పూల మీద, క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు ఆవ ఆకు మీద ముందు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లను, చిన్న పురుగులను అక్కడే ఏరిపారేస్తే అసలు పంటకు సగం బెడద తప్పుతుంది.

పనిముట్లు, నీళ్ళు

వేళ్ళ కీళ్ళు బిగుసుకున్నవారికి సన్నని పిడి పట్టు దొరకదు. బొరిగె, కత్తెర, చిన్న పార పిడులకు సైకిల్ ట్యూబు సన్నగా చీల్చి, మందంగా చుట్టండి. లావు పిడి తక్కువ బలంతో నిలుస్తుంది. ప్రతి పనిముట్టుకు ఎర్ర గుడ్డ కట్టండి, గడ్డిలో పడినా కనిపిస్తుంది, కాలికి తగలదు. పదును అక్టోబరులో ఒకసారి పెట్టించండి. మొద్దు కత్తెరతో కోస్తే మణికట్టు వాస్తుంది.

ఊత కర్రలకు ఒక జాగ్రత్త తప్పనిసరి. మొక్క మీదికి వంగినప్పుడు కంటికి నేరుగా వచ్చేది వెదురు కొస. దాని మీద చిన్న ప్లాస్టిక్ సీసా బోర్లించండి. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారు కర్రల మధ్య పని చేసేటప్పుడు అద్దాలు పెట్టుకోండి.

నీళ్ళకు 5 లీటర్ల క్యాన్లు రెండు తీసుకుని, చేతికొకటి పట్టుకోండి. ఒకే చేత్తో 10 లీటర్ల బకెట్టు మోస్తే ఒళ్ళు ఒక పక్కకు ఒరుగుతుంది. పైపు అయితే దారికి అడ్డం రాకుండా గోడ వెంట మేకులకు తగిలించండి. మేము 200 లీటర్ల డ్రమ్మును 3 అడుగుల దిమ్మె మీద పెట్టి, సన్న బిందు గొట్టాలు రెండు మళ్ళకూ వేయించాం. పొద్దున కుళాయి తిప్పి, కాఫీ తాగి వచ్చేసరికి తడి అయిపోతుంది. మళ్ళ మీద వరిగడ్డి రెండంగుళాల మందాన పరిస్తే చలికాలంలో మూడు రోజులకొక తడి చాలు, కలుపు కూడా తగ్గుతుంది. గడ్డి మొక్క మొదలుకు తగలకుండా నాలుగు వేళ్ళు ఎడం ఉంచండి.

పని వేళ, ఒంటి సంగతి

మంచు ఆరేదాకా ఆగి, 8 గంటల తర్వాత దిగండి. ఖాళీ కడుపుతో వద్దు, ముఖ్యంగా చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకునేవారు. అరగంట పని, పది నిమిషాలు కుర్చీ. ఒకే పని అరగంట చేయకుండా కాసేపు కత్తిరించడం, కాసేపు నారు చూడడం, కాసేపు నీళ్ళు అన్నట్టు మార్చుకోండి, ఒకే కీలు మీద భారం పడదు. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు కూర్చుని గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. మడి అంచు పట్టుకుని, పది లెక్కపెట్టి, అప్పుడు అడుగు వేయండి. పీట మీద కూర్చునే అలవాటుంటే లేవడానికి పక్కన ఏదో ఒక గట్టి ఆధారం ఉండాలి.

చెప్పులు కాదు, మూసి ఉన్న బూట్లు వేసుకోండి. చక్కెర ఉన్నవారు పని అయ్యాక పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాలు అద్దంలో చూసుకోవాలి. ముల్లు దిగిన సంగతి తెలియకపోవడమే వారికి ప్రమాదం. ధనుర్వాతం టీకా వేసుకుని పదేళ్ళు దాటితే ఇప్పుడే వేయించుకోండి. ఫోను మెడలో వేలాడదీసుకోండి. ఇంట్లో ఒక్కరే ఉంటే, "పెరట్లోకి వెళుతున్నా" అని పక్కింటివారికి చెప్పడం నామోషీగా అనుకోవద్దు.

పాత చెట్లకు

మామిడికి నవంబరు నుంచి పూత వచ్చేదాకా నీళ్ళు, ఎరువు రెండూ ఆపండి. నీళ్ళు పెడితే పూతకు బదులు చిగురు వస్తుంది. కూరగాయల మడి తడి మామిడి పాదులోకి పారకుండా చూడండి. పిందె బఠాణీ అంతయ్యాక మళ్ళీ తడి ఇవ్వండి. గులాబీలను వానలు ఆగగానే కత్తిరించి, కోసినచోట బోర్డో ముద్ద (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయండి. మునగను ఈ కాలంలో కూలి మనిషిచేత నడుము ఎత్తుకు నరికిస్తే కొత్త కొమ్మలు చేతికి అందే ఎత్తులో వస్తాయి, గాలికి విరిగే భయం కూడా తగ్గుతుంది. కరివేపాకు చలికి మందగిస్తుంది, ఆకు రాలుతుంది. అది తెగులు కాదు.

తులసి సంగతి వేరే చెప్పాలి. క్షీరాబ్ది ద్వాదశికి కోటలో ఉసిరి కొమ్మ పెట్టి పూజ చేస్తాం, తర్వాతి నెలకే తులసి వాడుముఖం పడుతుంది. కారణం చలి ఒక్కటే కాదు, ఎండిన వెన్నులు. వెన్ను గోధుమరంగు తిరగగానే చివరనుంచి రెండాకుల కింద గిల్లేయండి. గిల్లిన వెన్నులను అరచేతిలో నలిపితే ఆవగింజలో నాలుగో వంతు నల్లటి గింజలు రాలుతాయి. వాటిని కాగితం పొట్లంలో దాచి, ఫాల్గుణంలో చల్లుకుంటే కొత్త తులసి సిద్ధం. సాయంత్రాలు నీళ్ళు పోయకుండా పొద్దున్నే పోయండి, రాత్రి చలికి తడి వేరు కుళ్ళుతుంది.

కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ వైపు ఉన్నవారికి

మీది సుమారు 3,000 అడుగుల పీఠభూమి. డిసెంబరు, జనవరిలో చలి మా కన్నా చాలా ఎక్కువ, కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు పొర కడుతుంది. క్యాబేజీ, బఠాణీ, క్యారెట్ మీకు మా కన్నా బాగా వస్తాయి. టమాటా, వంగ, మిరపలను మాత్రం ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న సాయంత్రాల్లో పాత చీరతో, గోనెతో కప్పి, ఎండ రాగానే తీసేయండి. గుడ్డ ఆకుకు తగలకుండా నాలుగు పుల్లలు గుచ్చి వాటి మీద కప్పాలి. ఆ పూట మట్టి కొంచెం తడిగా ఉంటే రాత్రి వేడి నిలుస్తుంది. మీరు కూడా ఆ తెల్లవారుజాముల్లో బయటికి రావద్దు, గుండె జబ్బున్నవారు అసలే రావద్దు.

నాటాక మూడు నెలలు

వారానికి రెండుసార్లు ఆకు తిప్పి అడుగు భాగం చూడండి, అవసరమైతే భూతద్దం వాడండి. చిక్కుడు కొనల మీద, ఆవ మీద మబ్బు పట్టిన రోజుల్లో పేనుబంక చేరుతుంది. తొలిరోజునే నీళ్ళ జల్లుతో కొట్టండి. ఆగకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి. బఠాణీ, గుమ్మడి ఆకుల మీద బూడిద తెగులు కనబడితే కింది ఆకులు గిల్లి గాలి ఆడనివ్వండి. కాలీఫ్లవర్ పువ్వు గుప్పెడంత కాగానే దాని ఆకులనే పైకి మడిచి అరటి నారతో కట్టేయండి, ఎండ తగలక పువ్వు తెల్లగా ఉంటుంది. కట్టిన 5, 6 రోజులకు విప్పి చూడండి.

సంక్రాంతికి కోతలు చాలావరకు అయిపోతాయి. ఒక్కొక్క మడిలో మంచి ముల్లంగి ఒకటి, పాలకూర మొక్కలు రెండు కోయకుండా విత్తనానికి వదలండి. డిసెంబరులో నీళ్ళు తగ్గించిన మల్లె పొదలను జనవరిలో మోకాలి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసి, పాదు గుల్లచేసి రెండు గంపల పశువుల ఎరువు వేయించండి. నీళ్ళు అప్పుడే పెట్టవద్దు. కణుపుల దగ్గర గోరంత ఎర్రటి చిగురు తొంగిచూసిన రోజున తొలి తడి ఇవ్వండి.